పెరటి మడిలో పూలచెట్టు: నేలను బట్టి ఎంపిక

ప్రశ్న: మాది కోనసీమ. పెరట్లో పదడుగుల మడి ఉంది, రోజంతా ఎండే. బరువైన ఒండ్రునేల, వానాకాలంలో రెండు మూడు రోజులు నీరు నిలుస్తుంది. పక్కనే ఆవును కడతాం. పచ్చగన్నేరు, దేవగన్నేరు, చైనా గోరింటలో ఏది వేసుకోవాలి?

జవాబు: పచ్చగన్నేరు వద్దే వద్దండి. ఆకు, పాలు, గింజ అన్నీ గుండెను దెబ్బతీసే విషం. ఎండినా ఆ విషం పోదు. కత్తిరించిన కొమ్మ గడ్డిలో కలిసినా ఆవు ప్రాణానికే ముప్పు.

దేవగన్నేరు పూలు బాగుంటాయి గానీ నీరు నిలిస్తే దాని వేరు, మొదలు కుళ్లిపోతాయి. కొమ్మలు పెళుసు, తుఫాను గాలికి ఆగవు.

మీకు చైనా గోరింట నప్పుతుంది. సాధారణంగా 10–15 అడుగులు మించదు, వేసవి నుంచి వానల దాకా గుత్తులుగా పూస్తుంది. రోజుకు కనీసం 6 గంటల ఎండ కావాలి. కొబ్బరి నీడ పడితే పూత తగ్గి బూడిద తెగులు పడుతుంది. కడియం నర్సరీల్లో కొనేటప్పుడు ఆకు చూడండి. ఇదే జాతిలో పెద్ద చెట్టయ్యే రకమూ ఉంది, దాని ఆకు చాలా పెద్దది. చిన్న రకానికి ఆకు రెండు మూడు అంగుళాలే. 3–4 అడుగుల మొక్క చాలు. సంచిలో వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటే తీసుకోకండి.

నాటడమే అసలు పని. చాలామంది గొయ్యి తీసి ఇసుక నింపుతారు. చుట్టూ బంకమట్టి కావడంతో నీరు ఎటూ పోలేక ఆ గోతిలోనే చేరుతుంది, మొక్క అందులో ఊపిరాడక చస్తుంది. గొయ్యి బదులు అడుగున్నర ఎత్తు, 5 అడుగుల వెడల్పు దిబ్బ వేయండి. మడి మట్టికే 10 కిలోల చివికిన పశువుల ఎరువు, అర కిలో వేపపిండి కలపండి. రొయ్యల చెరువు పూడిక మట్టి మాత్రం వాడకండి, అందులోని ఉప్పుకు ఆకు అంచులు మాడిపోతాయి. గోడకు 6–8 అడుగుల దూరంలో, తుఫానుల కాలం దాటాక డిసెంబరు చివర్లో గానీ జనవరిలో గానీ నాటండి. సంచిలోని ఎర్రమట్టి గడ్డ పైభాగం దిబ్బ మట్టంతో సమంగా ఉండాలి, లోతుగా పూడ్చకూడదు. ఆ గడ్డ చుట్టూ ఉన్న ఒండ్రుకన్నా ముందే ఆరిపోతుంది గనుక మొదటి రెండు నెలలు నీరు నేరుగా మొక్క మొదట్లోనే పోయండి. వేసవిలో కాలువలకు నీరు ఆపేశాక బోరునీరు పోయాల్సివస్తే ముందు రుచి చూడండి, ఉప్పగా ఉంటే వద్దు.

కొత్త చిగుళ్ల మీదే పూత వస్తుంది. రెండో ఏడు నుంచి జనవరి చివర్లో పెన్సిల్ కన్నా సన్నని కొమ్మలు తీసేయండి. లావు కొమ్మల్ని మోడుగా నరకవద్దు. అలా చేస్తే సన్నని రెమ్మలు గుంపుగా లేచి, పూల బరువుకు వంగిపోతాయి. యూరియా ఎక్కువైతే ఆకే తప్ప పువ్వుండదు. బూడిద తెగులు కనిపిస్తే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి సాయంత్రం వేళ పిచికారీ చేయండి. పేనుబంకకు లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బునీరు చాలు. ఈ రెండు మందుల మధ్య రెండు వారాల ఎడం ఇవ్వండి, వెంటవెంటనే కొడితే ఆకు మాడుతుంది.