నర్సింగ్ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తేనే తీసుకుంటామంటున్నారు. ఏం చేయాలి?

చెల్లీ, నీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. బీఎస్సీ నర్సింగ్ పూర్తయి నెలలు గడుస్తున్నా ఎక్కడికెళ్లినా "ఎక్స్‌పీరియన్స్ ఉందా?" అంటున్నారు. ఒక ఆసుపత్రి వాళ్లు మాత్రం తీసుకుంటామని, అయితే రెండేళ్లు ఒరిజినల్స్ తమ దగ్గరే ఉంచాలని అన్నారు. ఇంట్లో కూర్చుంటే నేర్చుకున్నది మర్చిపోతానేమోనని భయంగా ఉంది.

రెండోదానికే ముందు జవాబు చెప్తాను. ఈ వారంలో నువ్వు వాళ్లకు ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి. ఒరిజినల్స్ ఇవ్వకు.

నా బ్యాచ్‌మేట్ ఒకమ్మాయి ఇలాగే ఒక నర్సింగ్ హోమ్‌లో టెన్త్ మెమో నుంచి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ దాకా అన్నీ ఇచ్చేసి చేరింది. తర్వాత సర్కారు పోస్టుకు సర్టిఫికెట్ వెరిఫికేషన్ వచ్చింది. కాగితాలు కావాలంటే మూడు నెలల జీతం కట్టి తీసుకెళ్లమన్నారు. వాళ్ల నాన్న అప్పు తెచ్చి కట్టాడు. తన మార్కుల మెమో కోసం తనే డబ్బు కట్టాల్సి వచ్చింది. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నాకు ఒళ్లు మండుతుంది. బాండ్ పేరుతో నర్సుల సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోవడాన్ని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఎప్పుడో తప్పుపట్టింది. అయినా చిన్న ఆసుపత్రుల్లో ఇది నడుస్తూనే ఉంది. కొత్తగా వచ్చిన పిల్లలు అడగరన్న ధైర్యమే దానికి కారణం.

వాళ్లతో గొడవ పడాల్సిన పని లేదు. "మేడమ్, ఒరిజినల్స్ చూసుకోండి, సంతకం పెట్టిన జిరాక్స్ సెట్ ఇస్తాను, మానేసే ముందు నోటీసు ఇస్తానని అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసుకోండి" అను. మంచి ఆసుపత్రులు ఇంతకంటే ఎక్కువ అడగవు. దీనికి కూడా ఒప్పుకోకపోతే, అక్కడ చేరాక సెలవు అడిగినప్పుడు ఎలా ఉంటుందో ఇప్పుడే తెలిసిపోయినట్టు.

జీతం సంగతి నువ్వు అడగలేదు కానీ తెలిసి ఉండాలి. సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఆదేశించాక ప్రైవేటు నర్సుల జీతాల మీద కేంద్రం ఒక కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ఆసుపత్రుల్లో ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలని కమిటీ చెప్పింది. 100 పడకలు దాటితే అంతకు 10 శాతానికి మించి, 50 నుంచి 100 మధ్య అయితే 25 శాతానికి మించి తగ్గకూడదంది. 50 లోపు పడకలున్నా నెలకు కనీసం 20,000 ఇవ్వాలంది. అవి సిఫార్సులే, అమలు రాష్ట్రాల చేతిలో ఉంది, చాలాచోట్ల అమలు కాలేదు. నాకు మొదట్లో చెప్పిన జీతం 13,000. పన్నెండు గంటల నైట్ డ్యూటీ చేసే మనిషికి అది న్యాయం కాదు. నీకు తక్కువ ఇస్తామంటే నీ చదువు విలువే అంత అనుకోకు.

ఇక రోజులు ఎలా గడపాలన్నది. నేను 2021లో చదువు ముగించి ఖమ్మం నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఎస్.ఆర్. నగర్ హాస్టల్‌లో ఉన్నాను. పొద్దున హాస్టల్ ఉప్మా తిని, ఫైల్ చంకలో పెట్టుకుని మెట్రో ఎక్కేదాన్ని. ఫైల్‌లో ఒరిజినల్స్ ఒక కవర్‌లో, జిరాక్స్ సెట్లు ఇంకో కవర్‌లో, ఫొటోలు, ఇంటర్న్‌షిప్ లెటర్. రిసెప్షన్‌లో రెజ్యూమ్ ఇస్తే "కాల్ చేస్తాం" అంటారు, ఎవరూ చేయరు. అడగాల్సింది నర్సింగ్ సూపరింటెండెంట్‌ని. పొద్దున్నే ఆవిడ రౌండ్స్‌లో ఉంటుంది, పదకొండు దాటాక వెళ్తే కూర్చోబెట్టి మాట్లాడుతుంది. ఏ వార్డులో ఎవరు మానేశారో హెచ్‌ఆర్ కంటే ముందు ఆవిడకే తెలుస్తుంది.

సాయంత్రం అమ్మ ఫోన్. "ఏమన్నారే?" అని మాత్రమే అడిగేది, ఆ ఒక్క మాటకే గొంతు పట్టేసేది. కొన్నాళ్లకు నేనే ముందుగా ఆ రోజు ఏం చదివానో చెప్పడం మొదలుపెట్టాను. అప్పట్నుంచి ఫోన్ అంటే టెన్షన్ పోయింది. మీ ఇంట్లో కూడా ఇలా చేసి చూడు.

నాకు ఉద్యోగమిచ్చిన సూపరింటెండెంట్ మేడమ్ మార్కులు చూడలేదు. బల్ల మీద ఒక ఇన్సులిన్ వయల్ (చిన్న మందు సీసా), రెండు సిరంజిలు పెట్టింది. ఒకదానికి ఎర్ర మూత, ఒకదానికి నారింజ మూత. "ఇరవై యూనిట్లు లాగు" అంది. వయల్ మీద 40 ఐయూ అని ఉంది, అంటే ఎంఎల్‌కు 40 యూనిట్లు. దానికి సరిపోయే ఎర్ర మూతది తీసుకున్నాను. "రెండోదాంతో లాగితే?" అంది. నారింజ మూత సిరంజి ఎంఎల్‌కు 100 యూనిట్లుండే ఇన్సులిన్‌ది. దాంతో 40 వయల్‌లోంచి 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 ఎంఎల్, అంటే పేషెంట్‌కు వెళ్లేది 8 యూనిట్లే. అదే తిరగబడి, 100 ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజితో 20 దాకా లాగితే 50 యూనిట్లు వెళ్తాయి, షుగర్ పడిపోయి మనిషి ప్రాణం మీదికొస్తుంది. ఇది చెప్పాక డ్రిప్ లెక్క అడిగింది. 500 ఎంఎల్ ఎనిమిది గంటల్లో ఎక్కాలి, డ్రిప్ సెట్ ఎంఎల్‌కు 20 చుక్కలది. పదివేల చుక్కలు, 480 నిమిషాలు, నిమిషానికి దాదాపు 21 చుక్కలు. పెన్ను అడగకుండా చెప్పాను. వచ్చే సోమవారం నుంచి రమ్మంది.

నువ్వు మర్చిపోతానని భయపడేది ఇలాంటివే కదా. ఇవి ఇంట్లో కూర్చుని కూడా నిలుపుకోవచ్చు. రోజూ రెండు మందులు తీసుకో: డోస్, దేంతో కలపాలి, ఎంతసేపట్లో ఇవ్వాలి, ఇచ్చాక ఏం గమనించాలి. పొటాషియం క్లోరైడ్ ఎప్పుడూ నేరుగా నరంలోకి పుష్ చేయకూడదు లాంటివి నిద్రలో లేపి అడిగినా నోటికి రావాలి. వార్డులో ఎవరైనా సీనియర్ పరిచయం ఉంటే, హ్యాండోవర్ (డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల వివరాలు తర్వాతి నర్సుకు అప్పజెప్పడం) ఎలా ఇస్తారో అడిగి పెద్దగా చెప్పుకుంటూ ప్రాక్టీస్ చెయ్యి. కొత్తవాళ్లు తడబడేది సూది దగ్గర కంటే అక్కడే ఎక్కువ.

ఊళ్లో ఉంటే ఇంకో ఇబ్బంది వస్తుంది. "నర్సమ్మ ఇంట్లోనే ఉందిగా" అని సెలైన్ బాటిల్ పట్టుకుని వస్తారు. నీరసంగా ఉందని పిన్ని అడుగుతుంది, పక్కింటి తాతయ్యకు యాంటిబయాటిక్ ఇంజక్షన్ వేయమంటారు. నువ్వు చేయగలిగినవి చెయ్యి: బీపీ చూడు, షుగర్ చూడు, పుండుకు డ్రెస్సింగ్ చెయ్యి, డాక్టర్ రాసిన చీటీ చదివి ఏ మాత్ర ఎప్పుడో చెప్పు. కానీ ఇంట్లో నరానికి ఏదీ ఎక్కించకు, ఆ ఇంజక్షనూ వేయకు. ఇంజక్షన్ పడక రియాక్షన్ వస్తే నీ దగ్గర అడ్రినలిన్ ఉండదు, ఆక్సిజన్ ఉండదు, డాక్టర్ ఉండడు. ఇష్టం లేక కాదని చెప్పి, పీహెచ్‌సీకి తోడుగా వెళ్లు. రెండు రోజులు మొహం ముడుచుకుంటారేమో, పర్వాలేదు.

"ఎక్స్‌పీరియన్స్" అన్న మాటకు వస్తే, అది ఎక్కడ లెక్కకొస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. ఎయిమ్స్ వాళ్లు నర్సుల ఉద్యోగాలకు పెట్టే నార్సెట్ పరీక్షకు బీఎస్సీ వాళ్లకు అనుభవం అక్కర్లేదు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) వాళ్లకైతే కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. ఆ పరీక్షలో తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోస్తారు, అందుకని తెలియనివి వదిలేయడం నేర్చుకోవాలి. నేను రాసిన తెలంగాణ స్టాఫ్ నర్స్ పరీక్ష, 2023 ఆగస్టు 2న జరిగినది, రాతకు 80, ప్రభుత్వాసుపత్రుల్లో కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు 20 పాయింట్లు ఇచ్చింది. ప్రైవేటులో చేసినందుకు ఒక్క పాయింటూ రాలేదు. అయినా 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు అందుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. సర్కారు ఉద్యోగమే నీ గురి అయితే, ప్రైవేటు అనుభవం కోసం ఏ షరతుకైనా తలొగ్గాల్సిన అవసరం లేదు. జిల్లా ఆసుపత్రిలో కాంట్రాక్టు పోస్టు పడితే మాత్రం వదలకు.

గల్ఫ్ అనుకుంటే లెక్క వేరు, అక్కడ సాధారణంగా రెండేళ్ల అనుభవం అడుగుతారు. పడకల సంఖ్య, డిపార్ట్‌మెంట్, చేరిన తేదీ స్పష్టంగా ఉన్న సర్టిఫికెట్ కావాలి. జీతం బ్యాంకులో పడాలి, చేతికి నగదు ఇచ్చే చోట రేపు రుజువు ఏమీ మిగలదు. జర్మనీ మీద మనసుంటే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ భాషా శిక్షణ ఇప్పిస్తోంది. ఏజెంట్‌కు లక్షలు కట్టే ముందు అక్కడ కనుక్కో.

రెండు ఆఫర్లు వస్తే, వెయ్యి రూపాయలు తక్కువైనా పెద్ద ఆసుపత్రిలో మెడికల్ వార్డుకో, ఐసీయూకో వెళ్లు. మొదటి నెల సీనియర్ పక్కన పెడతారా, నైట్‌లో ఒక్కదాన్నే ఎంతమంది పేషెంట్లను చూడాలి, ఈ రెండూ చేరకముందే అడుగు. హాస్టల్, భోజనం వాళ్లే ఇస్తారా అన్నది కూడా. నగరంలో తక్కువ జీతంతో నిలబడేది దాని మీదే.

కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అయిందో లేదో నువ్వు రాయలేదు. కాకపోతే అన్నిటికంటే ముందు అది చేయించు, అది లేకుండా ఏ మంచి ఆసుపత్రీ తీసుకోదు. ఆంధ్రలో చదివి తెలంగాణ పోస్టులకు రాయాలనుకుంటే ఇక్కడి కౌన్సిల్‌లోనూ నమోదై ఉండాలి. దానికి అక్కడి కౌన్సిల్ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకోవాలి, టైం పడుతుంది. నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తితే అందదు. ఏ జిల్లా, ఏ కౌన్సిల్ అన్నది కింద రాయి, ఏ కాగితాలు పట్టుకెళ్లాలో చెప్తాను.