స్ట్రోక్ తర్వాత చూపు బాగానే ఉన్నా ఎందుకు చదవలేకపోతారు?

స్ట్రోక్ వచ్చాక మీ అమ్మగారు పేపరు చదవలేకపోతున్నారని, కంటి డాక్టరేమో చూపు బాగానే ఉందన్నారని రాశారు. చూసేటప్పుడు మెదడులోని భాగాలు ఒకదానికొకటి కబురు ఎలా అందించుకుంటాయని కూడా అడిగారు. మా నాన్నగారికీ ఇలాగే అయింది.

మాది పర్లాకిమిడి, కిరాణా కొట్టు. నాన్నగారికి తెలుగు, ఒడియా రెండూ చదవడం, రాయడం బాగా వచ్చు. స్ట్రోక్ తర్వాత మాట తడబడలేదు. కాగితం ఇస్తే ‘కందిపప్పు, బెల్లం, చింతపండు’ అని ఎప్పటి దస్తూరీతోనే రాశారు. కాసేపాగి అదే కాగితం చూపిస్తే ఒక్క ముక్క చదవలేకపోయారు. ఒడియా అయినా అంతే. కానీ ‘బె’ మీద వేలితో దిద్దిస్తే మాత్రం ఠక్కున చెప్పేవారు! మనుషుల్ని, సరుకుల్ని చూసి గుర్తుపట్టడంలో ఏ ఇబ్బందీ లేదు.

బరంపురంలో న్యూరాలజిస్టు ఎంఆర్ఐ ఫిల్ము లైటు మీద పెట్టి వివరించారు. కంటి నుంచి సమాచారం మెదడు మధ్యలో ఉండే థాలమస్ అనే భాగం మీదుగా తల వెనక ఉండే ఆక్సిపిటల్ లోబ్‌కి వెళ్తుంది. మనకి కుడివైపు కనిపించేది ఎడమ మెదడుకి, ఎడమవైపుది కుడి మెదడుకి చేరుతుంది. భాష సంగతి చూసే భాగాలు చాలామందిలో ఎడమవైపే ఉంటాయి. రెండు వైపులకీ వంతెన కార్పస్ కాలోసమ్, దాదాపు 20 కోట్ల నరాల పోగులు. నాన్నగారికి ఎడమ ఆక్సిపిటల్‌తో పాటు ఆ వంతెన వెనక కొస కూడా దెబ్బతింది. అక్షరం కుడి మెదడుకి కనిపిస్తుంది, ఎడమవైపున్న భాష దాకా మాత్రం రాదు. రాయించే భాగాలకి ఏమీ కాలేదు కాబట్టి రాయగలరు. వేలితో దిద్దితే చేతి కదలిక వేరే దారిలో భాషని చేరుతుంది. ఇలాంటి రోగి మెదడును పరిశీలించి ఫ్రెంచి వైద్యుడు డెజెరిన్ 1892లోనే ఈ సంగతి వివరించారు.

ఈ రాకపోకలు ఒకవైపే ఉండవు. థాలమస్‌లోని చూపు కేంద్రానికి కంటి నుంచి వచ్చే కనెక్షన్ల కంటే మెదడు పైపొర నుంచి వెనక్కి వచ్చేవే ఎక్కువ.

అమ్మగారితో ఒక మాట రాయించి, కాసేపాగి చదివించి చూడండి. ‘విజువల్ ఫీల్డ్’ పరీక్ష తప్పకుండా అడగండి. మామూలు అక్షరాల చార్టుతో పక్కచూపు పోయిన సంగతి బయటపడకపోవచ్చు. నాన్నగారికి కుడి నుంచి వచ్చే సైకిలు కనిపించేది కాదు, అందుకే రోడ్డు మీద ఆయన్ని ఒంటరిగా వదల్లేదు. కళ్లజోడు మార్చడానికి డబ్బులు పెట్టకండి, ముందు న్యూరాలజిస్టుకి చూపించండి.