లైబ్రరీ పుస్తకాల్లో ఇతివృత్తం: ఒక్క మాట దగ్గరే ఆగిపోతున్న పిల్లలకు

మేడం, అనంతపురంలో మీ ఎనిమిదో తరగతి పిల్లలు సొంతంగా చదివిన పుస్తకానికి ఇతివృత్తం అడిగితే ‘స్నేహం’, ‘కష్టం’ అని రాసి ఆపేస్తున్నారన్నారు. తప్పు పిల్లలది కాదు. తెలుగు వాచకాల విషయసూచికలో ‘ఇతివృత్తం’ గడిలో ‘దేశభక్తి’ లాంటి ఒక్క మాటే చూసి అలవాటుపడ్డారు. అది విషయం మాత్రమే. ఆ విషయం గురించి కథ ఏమంటోందో చెప్పించాలి.

పుస్తకం మీరు చదవకపోయినా ఈ మూడూ అడగొచ్చు: ఎవరికి ఏం కావాలి? ఏది అడ్డొచ్చింది? చివరికి ఎవరిలో ఏం మారింది? ఉదాహరణకు, అవ్వ వద్దంటున్నా నాన్న అప్పు చేసి మూడో బోరు వేయించిన కథ అనుకోండి. ‘నీళ్ల కరువు’ విషయం. ‘ఆశ వదులుకోలేనివాడు ఇంటివాళ్ల మాట వినలేడు’ ఇతివృత్తం. వాక్యంలో పాత్రల పేర్లు, ఊరి పేరు రానివ్వకండి. వస్తే అది కథాసారమైపోతుంది.

‘అప్పు చేయరాదు’ అని నీతి రాసేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పెడతారు. ‘రచయిత ఆ మాట ఎక్కడన్నాడు?’ అని అడిగి, రెండు పేజీల నంబర్లు రాయించండి, ఒకటి తప్పనిసరిగా ముగింపు నుంచి. ఆధారం దొరక్కపోతే వాక్యం వాళ్లే మార్చుకుంటారు. పుస్తకం సగమే చదివినప్పుడు ఇతివృత్తం రాయించొద్దు.