ఊళ్లో పెళ్లిళ్లు ఆపేదాన్ని... మా ఆడపడుచు కూతురి పెళ్లి ఆపనా?

ప్రశ్న: నా వయసు 36. తెలంగాణలో ఒక జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసర్‌గా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. ఎల్‌ఎల్‌బీ చేసి, కొన్నేళ్లు కోర్టులో ప్రాక్టీసు చేశాక ఇటు వచ్చాను. బాల్యవివాహం జరుగుతోందని ఫోనొస్తే పోలీసులతో, ఐసీడీఎస్ (అంగన్‌వాడీల శాఖ) వాళ్లతో కలిసి వెళ్తుంటాను. పోయిన శ్రావణంలో ఒక పెళ్లి ఆపినప్పుడు పిల్ల తల్లి తలంబ్రాల బియ్యం నా మొహాన విసిరి "నీ ఇంట్ల ఆడపిల్ల లేదా" అని శాపనార్థాలు పెట్టింది. ఆ శాపమే తగిలిందేమో. మా వారి అక్క కూతురికి పదహారున్నరేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. ఆ పిల్లకు సంబంధం కుదిర్చారు. అబ్బాయికి 27, దుబాయ్‌లో ఉద్యోగం, కట్నం వద్దన్నారు. వైశాఖంలో చేస్తారట, ముహూర్తం ఇంకా తీయలేదు. పిల్ల తండ్రికి కిడ్నీలు పాడై డయాలసిస్ జరుగుతోంది. కళ్లముందు ఒక్క శుభకార్యం చూడాలన్నది ఆయన కోరిక. పిల్ల నాకు ఫోన్ చేసి "అత్తమ్మా, నేను చదువుకుంట, నువ్వే ఏదన్న చెయ్యి, నేను చెప్పిన్నని అమ్మకు చెప్పకు" అని ఏడ్చింది. మా వారిని డిగ్రీ చదివించడానికి ఆ అక్కే మెడలో గొలుసు కుదువబెట్టింది. "వాళ్లింటి మీదికి పోలీసుల్ని పంపితే మనిద్దరికీ చెల్లు, కావాలంటే ఉద్యోగం మానెయ్, అప్పుడు నీకు బాధ్యత ఉండదు" అంటున్నారు ఆయన. "ఊరోళ్ల లగ్గాలు ఆపినట్టు మా ఇంట్ల లగ్గం ఆపుతవా" అని మా అత్తయ్య. ఏం చేయాలో తోచడం లేదు.
— పేరు వద్దు

జవాబు: ముందు ఉద్యోగం సంగతి తేల్చేద్దాం. మీ ఉత్తరం చదువుతుంటే మీరు కొంచెం అటువైపే మొగ్గుతున్నట్టు అనిపించింది. ఆ పిల్ల ఫోన్ చేసింది జిల్లా ఆఫీసుకు కాదు, మేనమామ భార్యకు. మీరు రేపే రాజీనామా ఇచ్చినా ఆమెకు మీరు అత్తమ్మే, మీకు ఈ విషయం తెలిసే ఉంటుంది. ముప్పై వేలు కూడా దాటని జీతం, రెన్యువల్ ఎప్పుడవుతుందో తెలియని కాంట్రాక్టు, రాత్రీ పగలూ ఫోన్లు... వీటివల్ల మానాలనిపిస్తే అది వేరే కథ, దాన్ని ఇంకోసారి మాట్లాడుకుందాం. ఈ పెళ్లి కోసం మాత్రం మానకండి.

శాపం తగిలిందని రాశారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. పదిమంది చుట్టాలున్న ఏ ఆఫీసర్ గడపలోకైనా ఒకనాటికి ఇది రాక తప్పదు. మీ వదిన రాక్షసి కాదన్న సంగతి కూడా ఈ అంకెల్లోనే ఉంది. భర్త మంచాన పడ్డాక భయపడిన తల్లి, చుట్టూ నలుగురూ చేసిందే తనూ చేస్తోంది.

చట్టం మీకు నేను చెప్పనక్కర్లేదు. అయితే మీరు మీ ఎదుట రెండే దారులు ఉన్నట్టు రాశారు: పోలీసు జీపుతో వెళ్లడం, లేదా నోరు మూసుకోవడం. అలా కనబడటానికి కారణం మీ ఉద్యోగమే అనుకుంటాను. మీ ఆఫీసుకు కబురొచ్చేసరికి పందిరి పడుతుంది, వంటలు మొదలవుతాయి, బంధువులు బస్సులు దిగుతుంటారు. అప్పుడు జీపు తప్ప దారి ఉండదు. ఈ పెళ్లికి మాత్రం ఇంకా ముహూర్తమే తీయలేదు, ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు ఇవ్వలేదు, కార్డులు అచ్చవలేదు. మీరు ఎప్పుడూ ఇంత ముందుగా చేరుకుని ఉండరు. ఇప్పుడైతే ఆపడం అంటే ఒక మాట వెనక్కి తీసుకోవడం. రెండు నెలలు పోయాక ఆపడం అంటే నలుగురిలో పరువు తీయడం. అందుకే "చూద్దాం, వాళ్లే మనసు మార్చుకుంటారేమో" అనుకోకండి. ఉగాదికి కొత్త పంచాంగం తెరిచి ముహూర్తం రాయించుకుంటారు కదా, మీ గడువు ఆ రోజు. అప్పటిదాకా మీరు చుట్టమే. ఆ రోజు దాటితే విషయం మీ ఆఫీసుకు వెళ్తుంది. ఈ గడువు ముందు మీ మనసులో ఖాయం చేసుకోండి, తర్వాత మీ వారికి చెప్పండి.

మొదట పిల్లను కలవాలి. ఫోన్లో వద్దు. ఏదో ఒక వంకతో రెండు రోజులు మీ ఇంటికి తెచ్చుకోండి. "అమ్మకు చెప్పకు" అని అడిగింది కదా, దానికి మాటివ్వకండి. ఇచ్చి తప్పితే ఆ పిల్లకు ఇక నమ్మడానికి పెద్దవాళ్లే మిగలరు. "నీ పేరు వీలైనంత వరకూ ముందుకు తేను, కానీ పెళ్లి మాత్రం జరగనివ్వను" అని చెప్పండి, ఆ మాట నిలబెట్టుకోగలరు. ఇంకొకటి కనుక్కోండి: ఇంట్లో హఠాత్తుగా ఈ తొందర ఎందుకొచ్చింది? తండ్రి జబ్బు ఒక్కటేనా, పిల్ల ఫోన్లో ఎవరితోనైనా మాట్లాడటం బయటపడిందా? రెండోదైతే వదినతో మాట్లాడాల్సిన తీరే మారిపోతుంది. కొట్టారేమో కూడా అడగండి. టెన్త్ మెమో నకలు ఒకటి మీ దగ్గర పెట్టుకోండి. ఆధార్‌లో పుట్టినతేదీ మార్పించుకొచ్చే ఇళ్లు మీకు కొత్త కాదు. వచ్చేవారం పిల్లే "నాకిష్టమే" అని తిరగబడినా ఆశ్చర్యపోకండి, ఆ మాట ఆమెతో ఎవరు అనిపించారో మీకు తెలియనిదా!

ఇక మీ వారు. ఆయన బాకీ నిజమైంది, దాన్ని తీసిపారేయకండి. గొలుసు కుదువబెట్టిన అక్క ముందు తలెత్తి మాట్లాడటం ఏ తమ్ముడికైనా కష్టమే. కానీ మన పెళ్లిళ్లలో పిల్లను బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేది మేనమామ. అంటే ఆ బుట్ట ఎత్తాల్సింది ఆయనే. "నువ్వు ఆపుతావా, నేను ఆపనా" అని పోటీకి దిగొద్దు. "మీ అక్కతో ఈ మాట మీరు చెబితే ఇంట్లోనే ముగుస్తుంది, నేను చెబితే ఆఫీసు మాటవుతుంది. ఉగాది లోపు మీరు చెప్పండి" అనండి. ఆయనకు తెలియాల్సిన ఇంకో సంగతి: పిల్ల బాధ్యత చూడాల్సిన పెద్దలు పెళ్లిని ప్రోత్సహించినా, జరగనిచ్చినా, వెళ్లి అందులో పాల్గొన్నా 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. ఆ చట్టం ఆడవాళ్లకు జైలు వేయదు, మగవాళ్లకు ఆ మినహాయింపు లేదు. దీన్ని బెదిరింపులా కాక, భోజనాలయ్యాక ఎప్పుడో మామూలుగా చెప్పండి.

అన్నయ్య గారి దగ్గర ఆడపిల్ల చదువు గొప్పదనం మీద ఉపన్యాసం మాత్రం వద్దు. డయాలసిస్ చేయించుకుని నీరసంగా ఇంటికొచ్చిన మనిషికి అది తలకెక్కదు. "నేను పోయాక నా బిడ్డకు దిక్కెవరు" అన్నది ఆయన బాధ. దానికి జవాబు చెప్పండి. ఈ అల్లుడు ఆ దిక్కు కాలేడు. పద్దెనిమిది నిండని భార్యతో కాపురం చేసినా అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. రేపు పిల్లకు నెల తప్పి ఆస్పత్రికి వెళ్తే, వయసు చూసిన డాక్టరు పోలీసులకు తెలియజేసి తీరాలి. పిల్లలపై లైంగిక నేరాలకు పెట్టే పోక్సో కేసులో ఇరుక్కున్న అబ్బాయికి దుబాయ్ ఉద్యోగం ఏమవుతుంది? 18 నిండకపోతే ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం ఇచ్చే కల్యాణలక్ష్మి 1,00,116 రూపాయలు కూడా రావు. ఇలాంటి లెక్కలు ఇంట్లోవాళ్లకు త్వరగా అర్థమవుతాయి. ఆ తర్వాత మీరేం చేయగలరో చెప్పండి. పిల్లను హాస్టలున్న గురుకుల కాలేజీలో చేర్పించడం, తండ్రికి ప్రాణాంతక జబ్బు ఉంది కాబట్టి పిల్లల సంరక్షణకు ఉన్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టించడం. ఆదాయ పరిమితి ఉంటుందని మీకు తెలుసు. ఊళ్లో పిల్లలకు మీ ఆఫీసు ఇప్పిస్తున్నదే ఈ పిల్లకూ అడుగుతున్నారు. అయితే ఆ కాగితాలు మాత్రం మీ చేతి మీదుగా నడవకూడదు.

"సరే, ఇప్పుడు నిశ్చితార్థం చేసి, పద్దెనిమిది నిండాక పెళ్లి చేద్దాం" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకునే రాజీ అది. నాకు నచ్చదు. ఉంగరాలు మార్చుకున్న ఇంట్లో పద్దెనిమిది దాకా ఆగిన ఓపిక తక్కువే చూశాను. పైగా పిల్ల అడిగింది చదువు, పెళ్లి వాయిదా కాదు. ఆ మాట మీ నోటితో మీరు అనకండి.

ఉగాది వచ్చింది, వాళ్లు వినలేదు. అప్పుడు మీ జిల్లా అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి: ఈ కుటుంబం నాకు చుట్టం, ఈ కేసులో నేను ఉండను, ఇంకొకరికి అప్పగించండి అని. పెళ్లి ముప్పు ఉన్న పిల్ల బాల న్యాయ చట్టం కింద సంరక్షణ అవసరమైన బిడ్డే, కాబట్టి బాలల సంక్షేమ కమిటీ చూసుకుంటుంది. పేరు చెప్పకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు కదా అని మీకు తట్టే ఉంటుంది. తప్పేం లేదు, వేరేవాళ్లకైతే నేనూ అదే చెబుతాను. కానీ మీ ఇంట్లో అనుమానం మొదటి నిమిషంలోనే మీ మీదికి వస్తుంది. దొంగచాటుగా చేశారన్న మాట జీవితాంతం వినేకంటే, చెప్పి చేశారన్న కోపం భరించడం తేలిక. పెళ్లి చేయం అన్న హామీపత్రం మీద తల్లిదండ్రుల సంతకాలు తీసుకుని వచ్చేస్తే, వారం తిరక్కుండా ఏ గుళ్లోనో తాళి కట్టించిన ఇళ్లు మీరు చూసే ఉంటారు. అలాంటి అనుమానం ఉంటే మేజిస్ట్రేట్ నుంచి నిషేధ ఉత్తర్వు తీసుకోమని మీ సహోద్యోగులను గట్టిగా అడగండి. ఉత్తర్వు ఉండగా కట్టిన తాళి అసలు చెల్లదు. ఉత్తర్వు లేకపోతే, ఆ పెళ్లి రద్దు చేయమని కోర్టుకు వెళ్లాల్సిన భారం మళ్లీ ఆ పిల్ల మీదే పడుతుంది.

మీ అత్తయ్య మాట్లాడటం మానేయొచ్చు. దసరాకు పిలుపు రాకపోవచ్చు. మీ వారు కొన్నాళ్లు ముభావంగా ఉంటారు, ఆయన అన్న "చెల్లు" మాట అంతదూరం వెళ్తుందని మీ ఉత్తరాన్ని బట్టి నాకు అనిపించలేదు. ఒకవేళ వెళ్తే మీరిద్దరూ కలిసి కౌన్సెలర్ దగ్గర కూర్చోండి. ఏడాదికో రెండేళ్లకో అంతా సర్దుకుంటుందని నేను హామీ ఇవ్వలేను, కొన్ని ఇళ్లల్లో సర్దుకోదు. పిల్ల కూడా మీకు కృతజ్ఞతగా ఉండాలని ఎదురుచూడకండి. ఇంట్లో తిట్లు తినేది ఆమే కాబట్టి మొదట్లో మీ మీదే విసుక్కోవచ్చు.

ఈలోగా, మాటలు మొదలుపెట్టక ముందే ఒక పని చేయండి. అన్నయ్య గారిని డయాలసిస్‌కు ఎవరు తీసుకెళ్తున్నారో, ఎవరు కూర్చుంటున్నారో కనుక్కోండి. వారంలో ఒక రోజు మీ ఇద్దరిలో ఒకరు ఆ పని తీసుకోండి. పెళ్లి ఆగాక వాళ్లు మీతో మాట్లాడకపోయినా దాన్ని మానకండి.