రైజోని పరిచయం చేయబోతున్న మేనల్లుడికి

చి. మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ ఫిల్మ్ క్లబ్బులో శని, ఆదివారాలు జపాన్ నటుడు ఇచికావా రైజో సినిమాలు వేస్తున్నారట. ముందు మాట్లాడే పని నీ నెత్తిన పడిందని, ఒకటే టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు రాసుకున్న ప్రసంగం కూడా పంపింది. బాగానే ఉంది గానీ, మొదటి పేరా నిర్మొహమాటంగా కొట్టెయ్యి. "37 ఏళ్ళకే రాలిపోయిన తార" అని మొదలుపెట్టావు. అలా మొదలుపెడితే హాల్లో ఉన్నవాళ్ళు సినిమా చూడరు, ఆ మనిషి మొహంలో జబ్బు వెతుకుతూ కూర్చుంటారు. 1958లో తీసిన సినిమాలో 1969 నాటి చావు ఎక్కడుంటుంది? అది ఎవరైనా అడిగితే చెప్పు. జులై 17న, క్యాన్సర్‌తో పోయాడు. అంతకంటే సాగదీయకు.

నన్నడిగితే పేర్ల దగ్గర మొదలుపెట్టమంటాను. 1931 ఆగస్టులో క్యోటోలో పుట్టినప్పుడు ఆ పిల్లాడు కమెజాకి అకియో. ఆర్నెల్ల పసివాణ్ణి ఇచికావా కుదాన్జీ అనే కబుకీ (జపాన్ వాళ్ళ సంప్రదాయ నాటకం) నటుడు దత్తత తీసుకుంటే తకెయుచి యోషియో అయ్యాడు. ఇరవయ్యో ఏట ఇచికావా జుకాయ్ మళ్ళీ దత్తత తీసుకుంటే ఓతా యోషియా అయ్యాడు. రంగస్థలం మీద పేర్లు మళ్ళీ వేరే. మనవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది, కానీ ఈయన కథకి తాళంచెవి ఇక్కడే ఉంది. కబుకీలో ఎవరింటి బిడ్డవన్నదాన్ని బట్టి వేషాలు వస్తాయి. కుదాన్జీది పెద్ద ఇల్లు కాదు. 1946లో, పదిహేనేళ్ళకి రంగం ఎక్కిన కుర్రాడికి ఎంత ఒడుపున్నా, దొరికేది మూలనున్న వేషమే. జుకాయ్ పెద్ద నటుడు, కానీ ఆయనా పుట్టుకతో కబుకీ ఇంటివాడు కాదు, సొంత కష్టంతో పైకొచ్చినవాడు. 1951లో ఎనిమిదో ఇచికావా రైజో అనే పేరు ఆ ఇంటి నుంచే వచ్చింది. పేరైతే వచ్చింది గానీ, అప్పటికి ఒసాకా, క్యోటోల వైపు కబుకీయే నీరసించిపోతోంది. 1954లో దాయే అనే సినిమా కంపెనీ పిలిస్తే క్యోటో స్టూడియోకి వెళ్ళిపోయాడు.

ఇక్కడ నువ్వు "కళని వదిలి డబ్బు వైపు వెళ్ళాడు" అని రాశావు. తీసెయ్. తలుపు తెరుచుకోని ఇంటి ముందు ఎన్నాళ్ళని నిలబడతాడు? పైగా తర్వాత 1964లో టోక్యో నిస్సే థియేటర్లో కబుకీ నాటకం 'కంజించో'లో తొగాషి వేషం వేశాడు. అప్పటికి పెద్ద సినిమా స్టార్.

ఇంకో చిన్న జాగ్రత్త. శనివారం సినిమా 'ఎంజో' దర్శకుడి పేరు కోన్ ఇచికావా. చుట్టమా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. కాదు. రైజోది రంగస్థలం ఇచ్చిన ఇంటిపేరు.

ఇక 'ఎంజో' సంగతి. దీనికే ఎక్కువ టైమ్ పెట్టు. క్యోటోలోని బంగారు మండపాన్ని 1950 జులైలో ఒక చిన్న సన్యాసి తగలబెట్టాడు. దాని మీద రచయిత మిషిమా 1956లో నవల రాస్తే, రెండేళ్ళకి సినిమా అయింది. ఆ గుడివాళ్ళు అభ్యంతరం చెప్పడంతో సినిమాలో గుడి పేరు మార్చారు. హీరోకి నత్తి. గుండు. వంగిన భుజాలు. అప్పటిదాకా కత్తి పట్టుకుని అందంగా నిలబడితే చాలు అన్నట్టున్న నటుడికి ఈ పాత్ర ఏంటని కంపెనీలో వద్దన్నవాళ్ళున్నారు. రైజో వదల్లేదు.

చూసేవాళ్ళకి నువ్వు ఒక్క మాట అందించు చాలు. కబుకీ నటుడి ఆస్తి గొంతు. ఈ సినిమాలో ఆ గొంతునే లాగేసుకున్నారు. సినిమా మొదలవడమే పోలీసుల ప్రశ్నలతో మొదలవుతుంది, వాడు నోరు విప్పడు. తర్వాత నోరు విప్పినా మాట బయటికి రాదు. అప్పుడు మెడ చూడమను. మాట ఎక్కడ ఇరుక్కుందో అక్కడ నరం కదులుతుంది, కళ్ళు ఎదుటివాడి నోటి మీదే ఉంటాయి, వాడెప్పుడు నవ్వుతాడా అని. ఒళ్ళు మాత్రం కదలదు. ఆ కదలకపోవడం రంగస్థలం నేర్పిందే. వేదిక మీద నిమిషాల తరబడి ఊరికే కూర్చోవడం కూడా అక్కడ వేషమే.

అదే సినిమాలో మఠం పెద్దగా వేసిన ముసలాయన రెండో నకమురా గాన్‌జీరో. ఆయనా కబుకీ నటుడే, ఒసాకా, క్యోటోల వైపు కబుకీలో పెద్ద ఇంటివాడు. రంగస్థలం మీద అయితే ఈయన మెట్టు ఎక్కడ, కుర్రాడి మెట్టు ఎక్కడ! కెమెరా ముందు ఇద్దరూ ఒకే చాప మీద ఎదురెదురుగా కూర్చుంటారు. నాకు ఆ సన్నివేశాలంటే ప్రాణం. నకదాయ్ అనే నటుడు వేసిన కుంటి స్నేహితుడి గురించి వాళ్ళే మాట్లాడుకుంటారు, నువ్వు చెప్పక్కర్లేదు. కెమెరా మియాగావా అని మాత్రం చెప్పు. నలుపు తెలుపుల్లో ఆ గుడి చూస్తే రంగు ఎందుకు అనిపిస్తుంది. ముగింపు చెప్పెయ్యకు. నీకు ఆ అలవాటుంది. ఈ సినిమాకి రైజోకి ఆ ఏడు కినెమా జుంపో, బ్లూ రిబ్బన్ రెండు ఉత్తమ నటుడి అవార్డులూ వచ్చాయి. అది చివర్లో చెప్పు, ముందే చెబితే జనం మార్కులు వేయడానికి కూర్చుంటారు.

ఆదివారం కత్తి సినిమా వేస్తున్నారు కదా, నెమురి క్యోషిరో సిరీస్‌లోది. 1963 నుంచి 1969 దాకా రైజోతో 12 తీశారు. మతం వదిలేసిన విదేశీ మతగురువుకి, జపాన్ స్త్రీకి పుట్టినవాడు క్యోషిరో. దేని మీదా నమ్మకం లేనివాడు. వాడి కత్తి విద్య పేరు పున్నమి కోత. కత్తి మొన కింద నుంచి మొదలై గాలిలో నెమ్మదిగా సున్నా చుడుతుంది. సున్నా పూర్తయ్యేలోపు ఎదుటివాడు నిలవలేక మీదికొస్తాడు, చస్తాడు. మీరు వేసేది నాలుగోదో ఆ తర్వాతదో అయితే, కత్తి వెనక కత్తి నీడలు వరసగా కనిపించే ట్రిక్ కూడా ఉంటుంది. జనం ఈలలు వేస్తారు, వేయనీ. కానీ ట్రిక్ పక్కన పెట్టి మనిషిని చూడమను. ఫైట్ అంటే పరుగులు, గెంతులు అనుకునే మనకి, నిలబడి భయపెట్టేవాడు కొత్త. కబుకీలో ఉద్రేకం పతాకానికి చేరినప్పుడు నటుడు భంగిమలో బిగుసుకుంటాడు, దాన్ని 'మియె' అంటారు. ఆ సున్నాలో నాకెప్పుడూ అదే కనిపిస్తుంది. ఇది నా అభిప్రాయం, నీది వేరే అయితే నీదే చెప్పు.

నీ ప్రసంగంలో "జపాన్ ఎన్టీఆర్" అనే మాట రెండు చోట్ల ఉంది. దయచేసి తీసెయ్ అల్లుడూ. చప్పట్లు పడతాయి, నిజమే. ఆ తర్వాత రెండు గంటలూ జనం రామారావుని వెతుక్కుంటారు. తెర బయట రైజో కళ్ళద్దాలు పెట్టుకుని బ్యాంకు గుమాస్తాలా ఉండేవాడట, వీధిలో ఎవరూ గుర్తుపట్టేవాళ్ళు కాదట. కబుకీ నటులు తమ మేకప్ తామే వేసుకుంటారు, ఆ చేతివాటం ఆయనకి బాగా అబ్బింది. మిజోగుచి 1955లో తీసిన 'షిన్ హెయికే మోనొగతారి' పోస్టర్ దొరికితే ఎంజో ఫొటో పక్కన పెట్టు. అందులో దట్టమైన కనుబొమ్మల కుర్ర కియోమోరి, ఇందులో గుండు పిల్లాడు. ఒకే మనిషని నమ్మరు. ఇంకోటి, ఆయన కాళ్ళు బలహీనంగా ఉండేవని, దోషిషా యూనివర్సిటీ సుమో కుర్రాళ్ళతో కలిసి కసరత్తు చేసేవాడని చెబుతారు. కత్తి పట్టి అంత నిబ్బరంగా నిలబడ్డవాడి గురించి చెప్పుకోదగ్గ ముచ్చట.

అదే కంపెనీలో ఇంకో స్టార్ కట్సు షింతారో గురించి తక్కువ చెప్పు. ఇద్దరూ 1954లో ఒకే సినిమాతో తెరకెక్కారు. రైజోకి త్వరగా పేరొచ్చింది, కట్సు 1962లో జతోయిచి అనే గుడ్డి కత్తివీరుడి వేషం వేసేదాకా కాస్త వెనకపడ్డాడు. అంతవరకు చాలు. ఇద్దర్నీ పోటీ పెడితే క్లబ్బులో గొడవే.

మాటలన్నీ కలిపి పది నిమిషాలు దాటనివ్వకు. 'ఎంజో' గంటా నలభై నిమిషాలు, చివరి బస్సు గుర్తు పెట్టుకో. సబ్‌టైటిల్స్ ముందు రోజే పెట్టి చూసుకో, ఎంజోలో నత్తి మాటల్ని కొన్ని కాపీల్లో శుభ్రంగా రాసేస్తారు, చదివేవాళ్ళకి నత్తే తెలియదు. అలాంటి కాపీ అయితే ముందే హెచ్చరించు. ఆదివారం హాలు తొందరగా ఖాళీ చేయమంటే, క్యోషిరో ఆపి మిసుమి తీసిన 'కిరు' వెయ్యండి. 1962 సినిమా, 71 నిమిషాలే. నిజానికి నాకు క్యోషిరో కంటే అదే ఇష్టం.

మీ మామయ్య