గర్భసంచి ఖాళీగా కనిపిస్తే ట్యూబులో గర్భమేనా?

నెల తప్పి వారం దాటింది, పరీక్షలో రెండు గీతలు వచ్చాయి, స్కాన్‌లో మాత్రం గర్భసంచి ఖాళీగా ఉందన్నారు, ఇక ట్యూబులో (అండవాహికలో) గర్భమేనా అని అడిగారు. ఆ ఒక్క మాటతో తేల్చడానికి లేదు. గర్భం మరీ చిన్నదై ఉండవచ్చు, నిలవకుండా పోతూ ఉండవచ్చు, లేదా వేరేచోట నాటుకుని ఉండవచ్చు.

మీకు స్కాన్ పొట్టమీద చేశారా, యోని ద్వారా చేశారా? తేడా అంతా అక్కడే ఉంది. నాకు పొట్టమీద చేసినప్పుడు ఏమీ తెలియలేదు. మూత్రానికి వెళ్లి రమ్మని, ప్రోబుకు (స్కాన్ చేసే కడ్డీలాంటి పరికరానికి) తొడుగు వేసి లోపలి నుంచి చూశారు. బిడియంతో ఈ స్కాన్ వద్దనేవాళ్లున్నారు, దయచేసి వద్దనకండి. ఎడమవైపు నొక్కినప్పుడు చురుక్కుమంది, అంతే. తెరమీద అండాశయం పక్కన నల్లటి చుక్క, దాని చుట్టూ తెల్లటి వలయం. డాక్టరమ్మ ప్రోబుతో మెల్లగా నెట్టి చూశారు. అండాశయం ఒకవైపు జరిగింది, వలయం విడిగా కదిలింది. అండం విడుదలైన చోట ఏర్పడే కార్పస్ లూటియం కూడా ఇలాగే కనిపిస్తుందట, కానీ అది అండాశయంతోపాటే కదులుతుంది. నాది ట్యూబులో గర్భమని అలా తేలింది.

అందరికీ ఇంత స్పష్టంగా కనిపించదు. అప్పుడు రక్తంలో గర్భధారణ హార్మోన్ అయిన బీటా హెచ్‌సీజీ చూసి, 48 గంటలకు మళ్లీ చేయిస్తారు. అది 3500 mIU/ml దాటినా గర్భసంచిలో ఏమీ లేకపోతే అనుమానం బలపడుతుంది. అంకె తక్కువగా ఉందని మాత్రం ధీమా పడకూడదు, తక్కువ అంకెతోనూ ట్యూబు పగలవచ్చు. మరో తిరకాసు ఏమిటంటే, ట్యూబులో గర్భం ఉన్నప్పుడు గర్భసంచిలో కాస్త ద్రవం చేరి పిండం సంచిలా భ్రమపెట్టవచ్చు. అందుకే లోపల యోక్ శాక్ (పిండానికి తొలి పోషణనిచ్చే చిన్న సంచి) కనిపించేదాకా డాక్టర్లు ఖాయం చేయరు.

నాది పగలకముందే దొరకడంతో గర్భం ఎదుగుదలను ఆపే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్‌తో సరిపోయింది. ఆ తర్వాత హెచ్‌సీజీ పూర్తిగా తగ్గేవరకు రక్తపరీక్షలు తప్పలేదు, విసుగొచ్చింది కూడా.

మీరు రెండో పరీక్ష కోసం ఎదురుచూస్తున్న ఈ వ్యవధిలో పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం, భుజం కొసన నొప్పి, వీటిలో ఏది వచ్చినా ఆ తేదీదాకా ఆగకండి. వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లి, గర్భం ఎక్కడుందో ఇంకా తేలలేదని ముందే చెప్పండి.