తలుపు ఎటు తెరుచుకుంది?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. రోడ్డు పక్కన ఆగిన పాత ఫియట్ 500ని చూసి నువ్వెంత సంబరపడ్డావో అర్థమైంది. కారు మాత్రం నాకు కనపడలేదు. ‘అందమైన’, ‘అద్భుతమైన’, ‘గతకాలపు వైభవం’ లాంటి మాటలు ఏ కారుకైనా అతుకుతాయి. ఆమాటకొస్తే ఏ కోటగోడకైనా అతుకుతాయి.

పాత కార్ల పిచ్చి నాకూ ఉంది కాబట్టి చెప్తున్నా. అందులో అసలు మజా గుర్తుపట్టడంలో ఉంది. రద్దీలో నాలుగు బండ్ల అవతల ఏదో గుండ్రటి వీపు కదులుతుంది. ఏంటది అనుకునేలోపే చెవికి తెలిసిపోతుంది. అది ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళ పాత బీటిల్ కారు. బీటిల్‌కి ఇంజన్ వెనక ఉంటుంది, దాన్ని చల్లబరిచేది నీళ్ళు కాదు, గాలి. అందుకే ఆ పటపటమనే చప్పుడు కారు మనల్ని దాటాకే బాగా వినిపిస్తుంది. కళ్ళు నేరుగా వెనక అద్దం మీదికి పోతాయి. మధ్యలో పట్టీ వచ్చి అద్దం రెండు ముక్కలుగా ఉంటే అది 1953 మార్చికి ముందుది. కోడిగుడ్డులా ఒకటే అద్దమైతే ఆ తర్వాతది. 1957 ఆగస్టు నుంచి వెడల్పాటి అద్దం పెట్టారు. ఈ లెక్కంతా రెప్పపాటులో అయిపోయి, లోపల ‘దొరికావు!’ అని ఒక కేక. పక్కన నడిచేవాళ్ళకి ఏం జరిగిందో కూడా తెలియదు. నువ్వు రాయాల్సింది ఆ రెప్పపాటు గురించి.

ఈ అద్దం దగ్గరే నేనొకసారి బోల్తాపడ్డాను. 1950లో జరిగే కథలో ఒకమ్మాయిని బీటిల్ వెనక సీట్లో కూర్చోబెట్టి, గుడ్డు ఆకారపు అద్దంలోంచి వాన చూపించాను. రాసుకుని తెగ మురిసిపోయిన వాక్యం. అచ్చయిన వారానికి ఒక కార్డు ముక్క వచ్చింది: ‘అయ్యా, మీ అమ్మాయి ఇంకా పుట్టని అద్దంలోంచి చూస్తోంది.’ సిగ్గేసింది కానీ కోపం రాలేదు. అసూయ కలిగింది. నేను ఆ అద్దాన్ని అలంకారానికి వాడుకున్నాను, ఆయన దాన్ని చూశాడు.

అలాగని సీసీలూ తేదీలూ గుప్పించకు. తెలిసిన సంగతి చూపుకి పనికిరావాలి. 1954 నాటి మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ తలుపులు రెక్కల్లా పైకి లేస్తాయని అందరూ రాస్తారు. ఎందుకు లేస్తాయి? సన్నని గొట్టాలతో అల్లిన దాని చట్రం బలం కోసం పక్కల బాగా ఎత్తుగా వచ్చింది, మామూలు తలుపుకి చోటే లేకపోయింది. అది తెలిశాక మనిషి లోపలికి దిగడం చూడు. ఆ ఎత్తైన గడప మీద కూర్చుని, స్టీరింగ్ అడ్డం రాకుండా మడిచి, కాళ్ళు ఒక్కొక్కటే లోపలికి లాక్కోవాలి. సూటేసుకున్న పెద్దమనిషైనా ఆ కాసేపూ కిటికీలోంచి దూరే పిల్లాడిలా ఉంటాడు.

సిట్రోయెన్ డీఎస్ ఇంకో రకం. 1955లో వచ్చిందది. స్టార్ట్ చేయగానే బయల్దేరదు, ముందు లేచి నిలబడుతుంది. మామూలు స్ప్రింగుల పని అందులో నూనె, గ్యాస్ కలిసి చేస్తాయి. పడుకున్న ఆవు లేచినట్టు వెనక భాగం ముందు లేస్తుంది, తర్వాత ముందు భాగం. నేనైతే ఆ కారు పరుగు కన్నా ఈ లేవడం కోసమే నిలబడిపోతాను.

ఖరీదు గురించిన పేరా తీసెయ్యి. మెచ్చుకోవడానికి కారు మనది కానక్కర్లేదు, దాని ధర తెలియక్కర్లేదు.

ఇక నీ ఫియట్ సంగతి. ఒక ముసలాయన తలుపు తీసుకుని దిగాడని ఒక్క ముక్కలో దాటేశావు. ఆ తలుపు ఎటు తెరుచుకుంది? 1957లో వచ్చినప్పుడు దాని తలుపు బందులు వెనకవైపు ఉండేవి, 1965లో ముందువైపుకి మార్చారు. బందులు వెనకుంటే ఆయన కుర్చీలోంచి లేచినట్టు నేరుగా ముందుకి దిగుతాడు. ముందుంటే ఆ బుల్లి కారులోంచి ఒళ్ళంతా మెలితిప్పుకుని బయటపడాలి. నీకు గుర్తుంటే రాసి పంపు. లేకపోతే మళ్ళీ వెళ్ళి అక్కడే నిలబడు, ఆయన రోజూ అటే వస్తాడని నువ్వే రాశావుగా. ఈసారి ఫోను జేబులోంచి తియ్యకు.

ఆశీస్సులతో.